సహేల్‌ లెక్కలు: మృతుల సంఖ్య ఎలా రాయాలి, ట్యాంకర్లు ఎందుకు తగలబడుతున్నాయి

ప్రశ్న: సహారా ఎడారికి దక్షిణపు అంచైన సహేల్‌లో ఉన్న పశ్చిమాఫ్రికా దేశం మాలిలోని జిహాదీ ముఠాల మీద డిసర్టేషన్ రాస్తున్నాను. ప్రపంచవ్యాప్తంగా సాయుధ ఘర్షణల ఘటనలను నమోదు చేసే ఆక్లెడ్ (ACLED) సంస్థ డేటా దించుకున్నాను. ఒకే ఘటనకు సైన్యం ఒక సంఖ్య చెబితే ఐరాస ఇంకోటి చెబుతోంది. ఏది తీసుకోవాలి?
- పీజీ విద్యార్థి, వరంగల్

జవాబు: రెండూ ఉంచండి. మధ్య మాలిలోని మౌరా సంగతే చూడండి. 2022 మార్చి 27, ఆదివారం, సంత రోజు. సైన్యం, దాని వెంట వచ్చిన విదేశీ సాయుధులు ఊరిని చుట్టుముట్టి 31 దాకా అక్కడే ఉన్నారు. 203 మంది ఉగ్రవాదులను మట్టుబెట్టామని సైన్యం ప్రకటించింది. 2023 మేలో వచ్చిన ఐరాస మానవ హక్కుల కార్యాలయం నివేదిక మాత్రం కనీసం 500 మంది చనిపోయారనీ, అందులో సుమారు 20 మంది ఆడవాళ్లు, ఏడుగురు పిల్లలు ఉన్నారనీ తేల్చింది. సైన్యం ప్రకటన ఒక్కటే చూసి మీ పట్టికలో ‘జిహాదీలు’ అని రాస్తే, సంతకు వచ్చి ప్రాణాలు పోగొట్టుకున్న మనిషికి రెండోసారి అన్యాయం చేసినట్టే. అందుకే నాలుగు గడులు విడిగా పెట్టుకోండి: ఎవరు చెప్పారు, ఏ తేదీన చెప్పారు, ఎంతమంది అన్నారు, మృతులను ఏమని పిలిచారు.

ఇక ఆక్లెడ్ ఫైలు. సంఖ్య తెలియని ఘటనలకు వాళ్లు యుద్ధప్రాంతమైతే 10, కాకపోతే 3 వేస్తారు. కాబట్టి 10 కనబడగానే పక్కనున్న నోట్స్ గడి చదవండి. చదవకుండా కూడితే ఎవరూ లెక్కపెట్టని శవాలు మీ మొత్తంలో చేరతాయి. స్థలం కచ్చితత్వం గడిలో 3 ఉంటే పటం మీద ఆ చుక్క అసలు ఊరిది కాకపోవచ్చు, ఆ ప్రాంతపు ముఖ్యపట్టణానిది కావచ్చు. అలాంటి చుక్కలను పటం నుంచి తీసేయండి. లేకపోతే ఎక్కడో పల్లెలో జరిగిన దాడులన్నీ పట్టణంలోనే జరిగినట్టు కనిపిస్తాయి. ఇంకోటి: రోడ్లు మూసుకుపోయి, ఫోన్ టవర్లు కూలి, విలేకరులు వెళ్లలేని చోట ఘటనలు ‘తగ్గుతాయి’. దాన్ని శాంతి అనుకోకండి.

ప్రశ్న: మాలిలో అల్‌ఖైదా అనుబంధ జిహాదీ సంస్థ జేఎన్‌ఐఎం పెట్రోలు ట్యాంకర్ల మీద పడటం ఎందుకు?
- ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మాలికి సముద్రం లేదు. పెట్రోలు, డీజిలు సెనెగల్‌లోని డకార్ నుంచి, ఐవరీ కోస్ట్‌లోని అబిజాన్ నుంచి రోడ్డు మీద రావాల్సిందే. ఒక దారి కాయెస్ పట్టణం మీదుగా, ఇంకొకటి సికాసో పట్టణం మీదుగా. ఈ దారులు పట్టుకుంటే రాజధానిలోకి అడుగు పెట్టకుండానే బామాకో గొంతు నొక్కవచ్చు. 2025 సెప్టెంబరులో జేఎన్‌ఐఎం దిగ్బంధం ప్రకటించి ట్యాంకర్లను తగలబెట్టింది. అక్టోబరు చివరికి దేశమంతటా బడులు రెండు వారాలు మూసేయాల్సి వచ్చింది.

నాలుగు ముఠాలు కలిసి 2017 మార్చిలో పుట్టిన సంస్థ జేఎన్‌ఐఎం. అధిపతి ఇయాద్ అగ్ గాలీ. అందులో అమదూ కూఫా నడిపే మాసినా దళాన్ని అర్థం చేసుకోవాలంటే మతోపన్యాసాలు ఒక్కటే వింటే చాలదు. నైజర్ నది లోపలి డెల్టాలో వరద తీశాక బుర్గూ అనే మేత గడ్డి బయటపడుతుంది. ఆ గడ్డిలోకి పశువుల్ని దించాలంటే పశువుల కాపరుల జాతి అయిన ఫులానీల కాపరి ‘జోవ్రో’ అనే వంశపారంపర్య పెద్దకు రుసుము కట్టాలి. ఏటా పెరుగుతున్న ఆ రుసుముకు కూఫా మనుషులు కళ్లెం వేశారు. పేద కాపరి ఎందుకు వాళ్ల వైపు చూశాడో ఇక్కడ తెలుస్తుంది. తుపాకీ భయం తర్వాత సంగతి.

ప్రశ్న: మా తమ్ముడికి మాలిలో ఉద్యోగం వచ్చింది. పంపవచ్చా?
- ఒక అక్క, కరీంనగర్

జవాబు: ఇప్పుడు వద్దమ్మా. 2025 జులై 1న కాయెస్‌లోని ఒక సిమెంటు ఫ్యాక్టరీ నుంచి ముగ్గురు భారతీయులను సాయుధులు ఎత్తుకుపోయారు. ఇప్పటికే అక్కడుంటే బామాకోలోని మన రాయబార కార్యాలయంలో పేరు నమోదు చేయించండి. పనిచేసే చోటికి రోడ్డు మీదే వెళ్లాలంటే కదలవద్దని గట్టిగా చెప్పండి.