జిమ్ నా వల్ల కావట్లేదు డాక్టర్ గారూ, వేరే దారి లేదా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. నా వయసు 43. విశాఖపట్నం సీతమ్మధారలో ఒక అపార్ట్‌మెంట్ మూడో అంతస్తులో ఉంటాం. డాబాగార్డెన్స్‌లో ఒక ఆఫీసులో అకౌంట్స్ చూస్తాను, రోజంతా కుర్చీలోనే. మావారిది స్టీల్‌ప్లాంట్‌లో షిఫ్ట్ డ్యూటీ, బాబు ఇంటర్ చదువుతున్నాడు. నా ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 71 కిలోలు. ఈమధ్య పరీక్ష చేయిస్తే హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్) 6.1 వచ్చింది. మా అమ్మకి షుగర్ ఉంది, అందుకే టెన్షన్‌గా ఉంది. రెండుసార్లు జిమ్‌లో చేరాను. మొదటిసారి నెలన్నర వెళ్లాను, రెండోసారి పన్నెండు రోజులు. ఆ అద్దాలు, ఆ పాటల హోరు, ట్రెడ్‌మిల్ మీద టైమ్ చూసుకుంటూ నడవడం నా వల్ల కాలేదు. ఇంట్లో వాళ్లు బద్ధకం అంటారు. మెట్లు దిగేటప్పుడు మోకాళ్లు కాస్త నొప్పిగా ఉంటాయి. ఇంటి పనంతా నేనే చేసుకుంటాను, అది చాలదా? స్కూల్లో రింగ్ ఆడేదాన్ని, కోలాటం వేసేదాన్ని, ఇప్పుడు అవన్నీ ఎక్కడ కుదురుతాయి? జిమ్ లేకుండా షుగర్ రాకుండా చూసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి చదివినప్పుడు రింగ్, కోలాటం అన్న మాటల దగ్గర ఆగిపోయాను. మీకు మందుల చీటీ రాయాల్సి వస్తే నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందు మీ భయం సంగతి చూద్దాం. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 మధ్యలో ఉంటే షుగర్ ఇంకా రాలేదు, కానీ వచ్చే దారిలో ఉన్నారని అర్థం. ఇక్కడి నుంచి వెనక్కి రావచ్చు. మన దేశంలోనే, చెన్నైలో డాక్టర్ రామచంద్రన్ గారి బృందం ఇలా షుగర్‌కి ముందు దశలో ఉన్నవాళ్లను మూడేళ్లు గమనించి 2006లో ఫలితాలు ప్రకటించింది. మామూలుగా వదిలేసినవాళ్లలో నూటికి 55 మందికి షుగర్ వచ్చింది. తిండి సరిచేసుకుని, ఒళ్లు కదిలించినవాళ్లలో అది 39 మందికే పరిమితమైంది. వాళ్లెవరినీ జిమ్‌లో చేర్పించలేదు. కదలకుండా కూర్చునే అలవాటు ఉన్నవాళ్లను రోజూ కనీసం అరగంట చురుగ్గా నడవమన్నారు, అంతే.

అది ఎలా పనిచేస్తుందో తెలిస్తే మీకు ధైర్యం వస్తుంది. మనం తిన్న అన్నంలోని చక్కెరలో పెద్ద భాగం చివరికి చేరాల్సింది కండరాల్లోకి. మామూలుగా దానికి ఇన్సులిన్ కావాలి. షుగర్ మొదలయ్యే దశలో ఆ ఇన్సులిన్ మాటను కండరాలు సరిగా వినవు. కానీ కండరం పనిచేస్తున్నప్పుడు మాత్రం ఇన్సులిన్ కోసం చూడకుండా రక్తంలోంచి చక్కెరను తనంతట తానే లాక్కుంటుంది. పని ఆపేశాక కూడా ఒకటి రెండు రోజుల దాకా అది ఇన్సులిన్ మాటను మునుపటికంటే బాగా వింటుంది. అందుకే వరుసగా రెండు రోజులకు మించి వ్యాయామం మానవద్దని చెబుతాం. దీన్నిబట్టి, ఒక నెల గట్టిగా చేసి ఆరు నెలలు ఆపేసే వ్యాయామం కంటే, తేలిగ్గా అయినా ఏళ్ల తరబడి సాగేదే మీకు పనికొస్తుంది. ఏళ్ల తరబడి సాగాలంటే అది నచ్చాలి. నచ్చడం అనేది మందులో మోతాదు లాంటిది, నేను దాన్ని అంత సీరియస్‌గా తీసుకుంటాను.

చాలా ఏళ్లు నేనూ చీటీ మీద ‘రోజూ 45 నిమిషాలు నడవాలి’ అని రాసి పంపేవాణ్ణి. మూడు నెలలకు తిరిగొచ్చేసరికి చాలామంది మానేసి ఉండేవారు. మానేశామని చెప్పడానికి సిగ్గుపడి కొందరు అసలు రావడమే మానేసేవారు, వాళ్లలో కొందరు షుగర్ బాగా ముదిరాక మళ్లీ కనిపించేవారు. అది నన్ను చాలా బాధపెట్టింది. అప్పటి నుంచి బరువు చూడకముందే ఒక ప్రశ్న అడుగుతున్నాను: చిన్నప్పుడు ఏం ఆడేవారు? చెప్పేటప్పుడు మనుషుల ముఖాలు మారిపోతాయి. ఇష్టం లేని పనిని, డబ్బు కట్టి మరీ, నెలన్నర పాటు చేసిన మనిషిని బద్ధకస్తురాలని నేను ఒప్పుకోను. మీ ఇంట్లో వాళ్లకు ఈ మాట చదివి వినిపించండి.

ఇంటి పని చాలదా అని అడిగారు. ఈ ప్రశ్న వెనక ఉన్న అలసట నాకు తెలుసు. ఒళ్లు కదిలితే ప్రతిదీ లెక్కలోకి వస్తుంది, మీ పని వృథా పోవడం లేదు. అయితే వంట, అంట్లు, బట్టలు మడతపెట్టడం లాంటివి ఒంటిని అలసిపోయేలా చేస్తాయి గానీ ఊపిరి వేగం పెరిగేంతగా కదిలించవు. గుండెకు, కండరాలకు కావాల్సింది ఆ ఊపిరి వేగమే. దానికో తేలిక గుర్తు ఉంది. పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ స్థాయిలో వారానికి కనీసం 150 నిమిషాలు, వారంలో రెండు రోజులు కండరాల బలం పెంచే పని, ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు చెప్పే లెక్క ఇది. ఒకేసారి కనీసం పది నిమిషాలు చేస్తేనే లెక్క అన్న నియమాన్ని 2020లో తీసేశారు. నాలుగు నిమిషాలు మెట్లెక్కినా లెక్కే. ఫోన్‌లో పదివేల అడుగులు పూర్తి కాలేదని దిగులు పడేవాళ్లు నా దగ్గరకు చాలామంది వస్తారు. ఆ పదివేలు 1965లో జపాన్‌లో అమ్మిన ఒక అడుగుల లెక్క యంత్రం పేరులోంచి వచ్చిన అంకె. దాన్ని పట్టుకుని వేలాడాల్సిన పని లేదు.

మీలా కుర్చీ ఉద్యోగం చేసేవాళ్లకు నేను తరచూ చెప్పే సంగతి ఒకటుంది. లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టర్ డబుల్ డెక్కర్ బస్సుల డ్రైవర్లనీ కండక్టర్లనీ పోల్చి 1953లో ఒక పరిశోధన ప్రచురించారు. ఇద్దరూ అదే బస్సులో, అదే డ్యూటీలో ఉండేవాళ్లు. డ్రైవర్ రోజంతా కూర్చునే ఉంటాడు, కండక్టర్ టికెట్లు కొడుతూ పైకీ కిందికీ మెట్లు ఎక్కి దిగుతాడు. గుండె జబ్బు కండక్టర్లలో తక్కువగా కనిపించింది. ఆ కండక్టర్లు వ్యాయామం చేస్తున్నామని అనుకోనే లేదు, ఉద్యోగం చేసుకున్నారు. మీ రోజులో కూడా అలాంటి మెట్లు ఎక్కడున్నాయో వెతకాలి.

ఆఫీసుకు బస్సులో వెళ్తున్నట్టయితే ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దిగి డాబాగార్డెన్స్‌కి నడవండి. చురుగ్గా నడిస్తే పావుగంటో ఇరవై నిమిషాలో పడుతుంది. స్కూటీ అయితే కాస్త దూరంలో పెట్టండి. మధ్యాహ్నం తిన్నాక పది నిమిషాలు ఆఫీసు కారిడార్‌లోనో మేడమీదో తిరగండి. తిన్న వెంటనే చేసే ఈ చిన్న నడక షుగర్ ఒక్కసారిగా పైకి లేవకుండా ఆపుతుంది, మీలాంటి దశలో ఉన్నవాళ్లకు ఇది చాలా విలువైన పది నిమిషాలు. రాత్రి భోజనం తర్వాత కూడా అంతే. బాబుని తోడు తీసుకెళ్లండి. ఇంటర్ పిల్లలు ఎదురుగా కూర్చోబెట్టి అడిగితే చెప్పని విషయాలు పక్కన నడుస్తుంటే చెబుతారు. కూరగాయలకు సీతమ్మధార రైతు బజారుకి నడిచి వెళ్లి, బరువు రెండు సంచుల్లో సమానంగా పంచుకుని రెండు చేతులా మోసుకురండి. భుజాలకు, పట్టుకు అదే వ్యాయామం.

ఇక రింగ్. నా చీటీలో అసలు మందు ఇదే. రబ్బరు రింగ్ చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. మీ అపార్ట్‌మెంట్ డాబా మీద ఒక తాడు కట్టండి, అదే నెట్. పిట్టగోడ ఛాతీ ఎత్తు వరకూ ఉండేలా మాత్రం చూసుకోండి, తక్కువ ఎత్తుంటే కింద ఖాళీ స్థలంలో ఆడండి. రింగ్ ఆటలో పక్కలకు కదలడం, వంగడం, చేయి చాచి పట్టుకోవడం, ఒక్కసారిగా ఆగడం అన్నీ ఉంటాయి. ట్రెడ్‌మిల్ మీద నడిస్తే ఇవేవీ రావు, ఒంటికి నిలకడ నేర్పేవి ఇవే. మీ ఫ్లోర్‌లో మీ వయసు ఆడవాళ్లు ఇంకో ముగ్గురైనా స్కూల్లో రింగ్ ఆడినవాళ్లే అయి ఉంటారు, అడిగి చూడండి. మొదటి రెండు వారాలు ఎగిరి పట్టుకోవద్దు, నిలబడి విసరండి, నడిచి అందుకోండి. ముప్పై ఏళ్ల క్రితం నేర్చుకున్న ఆట చేతికి వెంటనే గుర్తొస్తుంది, మడమకు, మోకాలికి మాత్రం కాస్త టైమ్ ఇవ్వాలి.

కోలాటం గురించి కూడా మనస్ఫూర్తిగా చెబుతున్నాను. మన దగ్గర చాలా గుళ్లలో సాయంత్రాలు ఆడవాళ్ల కోలాటం బృందాలు ప్రాక్టీసు చేస్తున్నాయి. అరగంట కోలాటం వేసి వచ్చిన మనిషి నాడి చూడండి, నేను చెప్పిన ఊపిరి వేగం అక్కడ తప్పకుండా ఉంటుంది. అడుగు, చెయ్యి, తాళం, పక్కమనిషి కర్ర, ఇన్నీ ఒకేసారి గమనించాలి కాబట్టి మెదడుకీ పని. అన్నిటికంటే ముఖ్యం, ఒకరోజు మీరు వెళ్లకపోతే ‘ఏమైంది, రాలేదేం?’ అని అడిగే మనుషులు ఉంటారు. జిమ్‌లో మిమ్మల్ని అలా ఎవరూ అడిగి ఉండరు.

కండరాల బలానికి వారంలో రెండు రోజులు గుంజీళ్లు తీయండి. మోకాళ్ల నొప్పి ఉంది కాబట్టి పూర్తిగా కిందికి వద్దు. కుర్చీ అంచున కూర్చుని, చేతుల సాయం లేకుండా లేచి, నెమ్మదిగా మళ్లీ కూర్చోండి. పదిసార్లు, కాసేపు ఆగి ఇంకో పదిసార్లు. గోడకు రెండు చేతులూ ఆనించి దండాల్లా వంగి లేవండి. కుక్కర్ విజిల్ వచ్చేలోపు అయిపోతుంది. మూడు అంతస్తులు మెట్లెక్కండి, దిగడానికి లిఫ్ట్ ఉంటే కొన్నాళ్లు లిఫ్టే వాడండి. దిగేటప్పుడు మోకాలి చిప్ప మీద భారం ఎక్కువ పడుతుంది, మీకు దిగేటప్పుడే నొప్పి రావడానికి కారణం అదే కావచ్చు. తొడ కండరాలు బలపడితే ఆ నొప్పి తగ్గే అవకాశం ఎక్కువ. ఒంటి బరువు ఒక కిలో తగ్గితే అడుగడుగుకీ మోకాలి మీద దాదాపు నాలుగు కిలోల భారం తగ్గుతుంది.

మన ఊరి వాతావరణం గురించి ఒక మాట. విశాఖలో ఎండ కంటే ఉక్కపోతే ఎక్కువ ఇబ్బంది పెడుతుంది. గాలిలో తేమ ఉంటే చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. ఏప్రిల్ నుంచి జూన్ దాకా మీ ఆటలన్నీ బాగా పొద్దున్నే గానీ, చీకటి పడ్డాక గానీ పెట్టుకోండి. తెల్లవారుజామున ఆర్కే బీచ్ రోడ్డులో బండ్లు ఆపేసి నడిచేవాళ్లకు వదిలేస్తారు కదా, వారానికి ఒక్కరోజైనా అక్కడికి వెళ్లండి. ఇసుకలో నడవాలనిపిస్తే అల తాకి గట్టిపడిన తడి ఇసుక మీద మొదలుపెట్టండి, పొడి ఇసుకలో పిక్కలు త్వరగా పట్టేస్తాయి. నీళ్లలోకి మాత్రం దిగొద్దు, ఆ తీరంలో లోపలికి లాగే అలలు ఉంటాయి. ఐదింటికే లేవాలన్న నియమం ఏమీ లేదు. మీవారిది ఉదయం షిఫ్ట్ అయిన వారం నిద్ర చాలదనుకుంటే పొద్దున్న నడక మానేసి నిద్రపోండి. నిద్ర తక్కువైనా షుగర్ పెరుగుతుంది.

సింహాద్రి అప్పన్న గిరి ప్రదక్షిణ ఎప్పుడైనా చేశారో లేదో మీరు రాయలేదు. ఏటా ఆషాఢ పౌర్ణమికి ముందురోజు 32 కిలోమీటర్లు నడుస్తారు. ఏడాదంతా కుర్చీలో కూర్చుని ఆ ఒక్కరోజు నడిచి, కాళ్లు బొబ్బలెక్కి, మోకాళ్లు వాచి వచ్చేవాళ్లను ప్రతి ఏడూ చూస్తాను. భక్తి ఉన్నవాళ్లు దానికోసం ఆరు నెలల ముందు నుంచి నడక పెంచుకుంటూ పోతే ఎంత బాగుంటుందో. మీకు మనసుంటే ఈ ఏడాది కొండ మెట్లతో మొదలుపెట్టండి. దాదాపు వెయ్యి మెట్లు, ఆగుతూ ఎక్కండి, తిరిగి బస్సులో దిగండి.

మీవారికి కూడా ఒక మాట చెప్పాలి. అయ్యా, ఆవిడకు కావాల్సింది సలహాలు కాదు, సాయంత్రం ఒక గంట. వారంలో మూడు సాయంత్రాలు, మీ షిఫ్ట్ కుదిరిన రోజుల్లో, స్టవ్ దగ్గర మీరు నిలబడండి. షుగర్ వచ్చాక ఆసుపత్రులకు ఇచ్చే టైమ్‌తో పోలిస్తే ఇది చాలా తక్కువ.

తిండి సంగతి వేరే ఉత్తరానికి సరిపడా ఉంది. ఇప్పటికి అన్నం ఒక గరిటె తగ్గించి, పప్పు, కూర, ఆకుకూర ఆ మేరకు పెంచండి. మొత్తం మీద నాలుగైదు కిలోలు తగ్గితే చాలు, దానికి ఆరు నెలలు పట్టినా ఫర్వాలేదు. మొదలుపెట్టే ముందు ఒకసారి బీపీ చూపించుకోండి. కదులుతున్నప్పుడు ఛాతీలో బరువుగా, బిగపట్టినట్టు ఉన్నా, నొప్పి ఎడమ చేతికో దవడకో పాకినా, కళ్లు తిరిగినా, మామూలు కంటే ఎక్కువ ఆయాసం వచ్చినా వెంటనే ఆపి అదే రోజు ఆసుపత్రికి వెళ్లండి. గ్యాస్ అని ఇంట్లో కూర్చోవద్దు. ఆడవాళ్లు ఈ విషయంలో చాలా ఆలస్యం చేస్తున్నారు, అది చూసి చూసి చెబుతున్నాను.

హెచ్‌బీఏ1సీ పరీక్ష చూసేది ఎర్ర రక్తకణాల్లో అంటుకున్న చక్కెరను. ఆ కణం బతికేది సుమారు 120 రోజులు. అందుకని ఆ పరీక్ష మూడు నెలల తర్వాతే మళ్లీ చేయించండి, వారానికోసారి చేయించినా ఉపయోగం లేదు. రిపోర్టు రాగానే నాకు రాయండి. రింగ్ ఆటలో మీ అబ్బాయి మీద గెలిచారో లేదో కూడా అందులోనే రాయండి.