రేడియాలజీ సీటుకు 72 లక్షలు: నాన్న రిటైర్మెంట్ డబ్బు ముట్టుకోవచ్చా?

ప్రశ్న: నాకు 26 ఏళ్లు. ప్రభుత్వ కాలేజీలో ఎంబీబీఎస్ చేశాను. ఏడాదిన్నరగా ఖమ్మంలో ఒక నర్సింగ్ హోమ్‌లో డ్యూటీ డాక్టర్‌ని, నెలకు 55 వేలు. నీట్ పీజీ రెండుసార్లు రాశాను. ఇప్పుడున్న ర్యాంకుకు ప్రైవేటు కాలేజీలో మేనేజ్‌మెంట్ కోటా కింద రేడియాలజీ వచ్చేలా ఉంది, ఫీజు ఏడాదికి 24 లక్షలు. డీఎన్‌బీ (మెడికల్ కాలేజీలో కాక హాస్పిటల్‌లో చేసే పీజీ) కింద అనస్థీషియా కూడా రావచ్చని సీనియర్లు అంటున్నారు. నాన్న గవర్నమెంట్ టీచర్, ఏడాదిన్నరలో రిటైరవుతారు, 30 లక్షల దాకా వస్తాయి. సొంతిల్లు, ఊళ్లో రెండెకరాలు ఉన్నాయి. తమ్ముడు బీటెక్ మూడో ఏడు. ‘నాన్న డబ్బు కొంత, లోన్ కొంత పెట్టి చేరు. రేడియాలజిస్టుకు నెలకు మూడు లక్షలు, రెండేళ్లలో తీర్చేస్తావు’ అని మామయ్య. ఇంకోసారి రాయమని ఫ్రెండ్స్. సంబంధాల వాళ్లేమో ‘పీజీ ఏ బ్రాంచి?’ అనే అడుగుతున్నారు. ఏం చేయమంటారు? – ఓ డాక్టర్, ఖమ్మం

జవాబు: ముందు మీ మామయ్యగారి లెక్క చూద్దాం. నెలకు మూడు లక్షల చొప్పున రెండేళ్లు సంపాదిస్తే మొత్తం 72 లక్షలు. పన్ను కట్టకుండా, అద్దె ఇవ్వకుండా, అన్నం తినకుండా ఉంటే అది ఫీజుకు సరిపోతుంది. వడ్డీకి అప్పుడు కూడా మిగలదు. పైగా ఆ మూడు లక్షలు చదువు ముగియగానే వచ్చే జీతం కాదు, కొన్నేళ్లు గడిచి చేతికి పని, ఊళ్లో పేరు వచ్చినవాళ్ల సంపాదన. పీజీ పెట్టుబడి మీద నన్ను అడిగేవాళ్లందరూ ఇక్కడే పొరబడుతుంటారు. అప్పేమో మొదటి రోజు నుంచి లెక్కలోకి వస్తుంది, ఆదాయాన్ని మాత్రం పదో ఏడు నుంచి తెచ్చి చూపిస్తారు.

మూడేళ్ల ఫీజు 72 లక్షలు. నాన్నగారి డబ్బు 27 లక్షలు వేసి, 45 లక్షలు విద్యారుణం తీసుకున్నారనుకుందాం. వడ్డీ 10.5 శాతం, ఏటా 15 లక్షల చొప్పున బ్యాంకు విడుదల చేస్తుంది. చదువు పూర్తయ్యాక ఇంకో ఏడాది వరకూ ఈఎంఐ ఉండదు. కానీ ఆ నాలుగేళ్లూ వడ్డీ ఆగదు. సాధారణ వడ్డీయే వేసుకున్నా 14 లక్షలు పైన పడి, ఈఎంఐ మొదలయ్యే నాటికి బాకీ 59 లక్షలు దాటుతుంది. పదేళ్లలో తీర్చాలంటే నెలకు 80 వేలు. అంటే 45 లక్షలు తీసుకుని దాదాపు 96 లక్షలు కడతారు.

ఇప్పుడు మీ తొలి సంపాదన నెలకు లక్షన్నర అనుకోండి. నేనెప్పుడూ కొంచెం తక్కువే వేసుకుంటాను, ఎక్కువొస్తే సంతోషమే. హాస్పిటళ్లు చాలామంది కన్సల్టెంట్లకు జీతంగా కాక ప్రొఫెషనల్ ఫీజుగా ఇచ్చి పది శాతం టీడీఎస్ పట్టుకుంటాయి. చేతికొచ్చేది 1,35,000. ఈఎంఐ పోతే 55 వేలు. ఇవాళ డ్యూటీ డాక్టర్‌గా మీరు ఇంటికి తెస్తున్నదీ అంతే కదా! అప్పటికి మీకు ముప్పై దాటి ఉంటుంది, తెలంగాణ ప్రభుత్వ ఉద్యోగులకు రిటైర్మెంట్ 61 కాబట్టి నాన్నగారికి అరవై నాలుగో అయిదో.

ఇంకో చిక్కు ఉంది. ఎండీ తర్వాత మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే మామూలుగా ఏడాది సీనియర్ రెసిడెన్సీ (టీచింగ్ హాస్పిటల్‌లో జూనియర్ స్పెషలిస్టుగా పని) చేయాలి. తెలంగాణ ప్రభుత్వం 2025లో 15 శాతం పెంచాక కూడా సీనియర్ రెసిడెంట్‌కు ఇచ్చేది నెలకు 1,06,461 రూపాయలు. ఈఎంఐ లేని ఆ ఒక్క ఏడాదీ సరిగ్గా ఈ రెసిడెన్సీలోనే కరిగిపోతుంది. ఆ మర్నెల నుంచే 80 వేల ఈఎంఐ. మంచి ఉద్యోగం కోసం ఆర్నెల్లు ఆగి చూసుకునే వెసులుబాటు మీకుండదు, ముందు ఎవరు పిలిస్తే అక్కడ చేరిపోతారు. అప్పు ఎక్కువైన డాక్టర్ జీతం గురించి బేరమాడలేడు. ఈ నష్టం ఏ ఈఎంఐ కాలిక్యులేటర్‌లోనూ కనపడదు.

నాన్నగారి డబ్బు సంగతి. ఆయన రిటైరయ్యేది ఏడాదిన్నర తర్వాత, కాలేజీ ఫీజు కట్టాల్సింది సీటు వచ్చిన కొద్ది రోజుల్లో. మొదటి రెండేళ్ల ఫీజుకు ఆ డబ్బు అందనే అందదు. మూడో ఏడుకైనా అందుతుందా అంటే, రిటైరైనవాళ్ల బిల్లులు నెలల తరబడి పెండింగ్‌లో పడి ఉంటున్నాయని మీ ఇంట్లో నాకంటే బాగా తెలిసే ఉంటుంది. గ్రాట్యుటీ ఫలానా నెలలో వస్తుందని నమ్మి కాలేజీకి మాటిస్తే, మధ్యలో గండం గడవడానికి రెండు రూపాయల వడ్డీకి తేవాల్సి వస్తుంది. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం, బ్యాంకు వడ్డీకి రెట్టింపు పైమాటే. కొన్ని కాలేజీలు మిగిలిన రెండేళ్ల ఫీజుకు ముందే బ్యాంక్ గ్యారంటీ అడుగుతాయి. దానికోసం ఎఫ్‌డీ తాకట్టు పెడితే తమ్ముడి ఫీజుకో, అమ్మగారి ఆపరేషన్‌కో తీయడానికి ఇంట్లో రూపాయి ఉండదు.

రెండెకరాలు అమ్మాలన్న ఆలోచన వస్తే ఒక్కటి గుర్తుంచుకోండి. మున్సిపాలిటీ పరిధికి చట్టం చెప్పిన దూరానికి అవతల ఉన్న వ్యవసాయ భూమి అమ్మితే క్యాపిటల్ గెయిన్స్ పన్ను పడదు. ఆ మేరకు బాగానే ఉంది. కానీ కౌన్సెలింగ్ గడువుకు వారం ముందు అమ్మకానికి పెడితే కొనేవాడికి మీ అవసరం తెలిసిపోతుంది, ధర వాడే చెబుతాడు. ఏడున్నర లక్షలు దాటిన విద్యారుణానికి బ్యాంకులు మామూలుగా తాకట్టు అడుగుతాయి, చాలా బ్యాంకులు వ్యవసాయ భూమిని అందుకు ఒప్పుకోవు. చివరికి పొలం ఉన్నా కూడా ఇల్లే పెట్టాల్సి వస్తుంది. ఉన్న ఒక్క ఇల్లు, పెన్షన్ మీద బతకబోయే ఇద్దరు పెద్దవాళ్లు. నాకైతే మనసొప్పదు.

స్టైపెండ్ మాటేమిటని అడగొచ్చు. ప్రభుత్వ కాలేజీల్లో 2025 పెంపు తర్వాత పీజీ మొదటి ఏడు నెలకు 67,032, రెండో ఏడు 70,757, మూడో ఏడు 74 వేలకు పైగా ఇస్తున్నారు. మూడేళ్లకు కలిపి 25 లక్షలు దాటుతుంది, చిన్న మొత్తం కాదు. ప్రైవేటు కాలేజీలు కూడా ప్రభుత్వంతో సమానంగా ఇవ్వాలనే నిబంధన. అసలు ఇవ్వడం లేదనీ, ఇచ్చినట్టే ఇచ్చి వెనక్కి తీసుకుంటున్నారనీ 2023లో జాతీయ వైద్య కమిషన్ చేసిన సర్వేలోనే పీజీలు చెప్పారు. కాబట్టి వెబ్‌సైట్‌లో రాసింది చూసి లెక్క వేయకండి. ఆ కాలేజీలో రెండో ఏడు చదువుతున్న ఇద్దరు ముగ్గురికి ఫోన్ చేసి, నెలనెలా ఖాతాలో ఎంత పడుతోంది, పడ్డది వాళ్ల దగ్గరే ఉంటోందా అని అడగండి. సీటు ఇప్పిస్తానంటూ కొంత క్యాష్‌గా అడిగేవాళ్లు తగిలితే అక్కడితో మాట ముగించండి. మేనేజ్‌మెంట్ కోటా సీటైనా కాళోజీ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో నీట్ ర్యాంకు మీద రావాల్సిందే. రెండు లక్షలు, అంతకు మించి నగదుగా పుచ్చుకోవడం ఆదాయపు పన్ను చట్టం ప్రకారం నేరుగా నిషిద్ధం, ఆ డబ్బుకు లోనూ రాదు, రసీదూ రాదు.

మరి ఎంత అప్పు చేయొచ్చు? నేను పెట్టే గీత ఇది: ఈఎంఐ తొలి ఆదాయంలో మూడో వంతు మించకూడదు. లక్షన్నరలో మూడో వంతు 50 వేలు. పదేళ్ల గడువు, అదే వడ్డీ అయితే మీరు తీసుకోగలిగిన అసలు 28 లక్షలు. అదే ప్రైవేటు కాలేజీలో కన్వీనర్ కోటాలో క్లినికల్ సీటు ఏడాదికి ఏడున్నర లక్షలనుకున్నా మూడేళ్లకు 22.5 లక్షలే, ఆ గీత లోపల హాయిగా ఇముడుతుంది. డీఎన్‌బీ అయితే ఫీజు ఏడాదికి లక్ష, లక్షన్నర మధ్యలో తేలిపోతుంది, లోనే అక్కర్లేకపోవచ్చు.

ఇంకోసారి రాయడమంటే ఏడాది వృథా అని భయపడుతున్నారు. దానికీ ధర కట్టొచ్చు. మీ స్పెషలిస్టు జీవితంలో ఒక ఏడాది వెనక్కి జరుగుతుంది, అంటే 18 లక్షలు. ఈ ఏడాది డ్యూటీ డాక్టర్‌గా వచ్చే 6.6 లక్షలు అందులోంచి తీసేస్తే నష్టం పదకొండున్నర లక్షల లోపే. మేనేజ్‌మెంట్ ఫీజుకూ కన్వీనర్ ఫీజుకూ తేడా దాదాపు 50 లక్షలు, వడ్డీ కాకుండా. ఇంకొక్క ప్రయత్నానికి ఈ బేరం బాగుంది. దాని తర్వాతి ప్రయత్నానికి ఇంత బాగుండదు, ఆ పైదానికి అసలే ఉండదు. అది కూడా గ్రాండ్ టెస్టుల్లో (నమూనా పరీక్షల్లో) మార్కులు నిజంగా పెరుగుతుంటేనే. నర్సింగ్ హోమ్‌లో నెలకు పన్నెండు నైట్లు చేసి పొద్దున నిద్రమత్తులో క్వశ్చన్ బ్యాంక్ తిప్పితే ర్యాంకు మారదు. జీతం 35 వేలకు తగ్గినా సరే, నైట్లు సగం చేయించుకోండి. నాన్నగారి సాయం తీసుకోవాలంటే తీసుకోదగ్గ చోటు ఇది, ఆ ఏడాది తగ్గిన జీతానికి. రెండున్నర లక్షలతో అయిపోతుంది.

బ్రాంచి గురించి నేను చెప్పేది డబ్బు వైపు నుంచే. రేడియాలజీకి ఒక మంచి గుణం ఉంది, ఎండీతోనే సంపాదన మొదలవుతుంది. జనరల్ మెడిసిన్ చేసినవాళ్లు చాలామంది డీఎం (సూపర్ స్పెషాలిటీ) వైపు చూస్తారు, అంటే ఇంకో మూడేళ్లు. అప్పు మీద మెడిసిన్ చేసినవాళ్లకు ఈఎంఐ డీఎం చదువు మధ్యలో మొదలవుతుంది. అనస్థీషియాకు కూడా రేడియాలజీకి ఉన్న గుణమే ఉంది, దాన్ని మీవాళ్లు తక్కువగా చూస్తున్నట్టున్నారు. ఖమ్మంలోనే గమనించండి. పొద్దున ఒక నర్సింగ్ హోమ్‌లో సిజేరియన్, మధ్యాహ్నం ఇంకోచోట ఆర్థో కేసు, రాత్రి ఎమర్జెన్సీ అంటూ కారేసుకుని తిరిగే అనస్థెటిస్టులు మీకు తెలిసే ఉంటారు, కేసుకింత అని తీసుకుంటారు. మెషిన్ కొనక్కర్లేదు, సెంటర్ పెట్టక్కర్లేదు. రేడియాలజిస్టు సొంతంగా నిలబడాలంటే స్కానింగ్ మెషిన్ల పెట్టుబడి, పీసీపీఎన్‌డీటీ (లింగ నిర్ధారణ నిషేధ చట్టం) రిజిస్ట్రేషన్, ఆ రికార్డుల టెన్షన్ అన్నీ ఉంటాయి, లేదంటే ఎవరి సెంటర్‌లోనో జీతానికి ఉండాలి. అనస్థీషియాలో రాత్రి ఫోన్లు తప్పవు, అది మీకు సరిపడుతుందో లేదో మీరే చెప్పాలి.

ఇవాళ్టి రేటు పదేళ్ల తర్వాతా ఉంటుందన్న నమ్మకం నాకు తక్కువ. కేంద్ర ప్రభుత్వ లెక్కల ప్రకారం దేశంలో పీజీ సీట్లు 2014కు ముందు 31,185, 2025 నాటికి 74,306. ఆ చదువుకున్నవాళ్లంతా మీతోపాటే మార్కెట్లోకి వస్తారు. ఇవాళ నెలకు మూడు లక్షలు తెచ్చుకుంటున్న సీనియర్, సీట్లు ఇన్ని లేని రోజుల్లో బయటికొచ్చినవాడు.

కాబట్టి నా మాట: ఈ ఫీజుకు రేడియాలజీ వద్దు. కౌన్సెలింగ్‌లో డీఎన్‌బీ అనస్థీషియా ఆప్షన్లు పెట్టండి. హాస్పిటల్‌లో కేసులెన్ని జరుగుతాయి, గత బ్యాచ్‌లో ఎంతమంది ఫైనల్ థియరీ, ప్రాక్టికల్ పాసయ్యారు అన్నవి కనుక్కున్నాకే ఎంచుకోండి. అర్హతలో అది ఎండీతో సమానమే, పరీక్ష మాత్రం తేలిక కాదు. నచ్చిన చోట రాకపోతే ఒక్క ఏడాది రాయండి. యూకే ఆలోచన కూడా ఉంటే, ప్లాబ్ (అక్కడ డాక్టర్‌గా పనిచేయడానికి రాసే పరీక్ష) మొదటి భాగం హైదరాబాద్‌లోనే రాయొచ్చు, రెండోది మాంచెస్టర్‌లో. కాకపోతే స్పెషాలిటీ శిక్షణలో తమ దేశంలో చదివినవాళ్లకూ, అక్కడ చాలాకాలం పనిచేసినవాళ్లకూ ముందు చోటు ఇస్తామని అక్కడి ప్రభుత్వం 2025 ఆరోగ్య ప్రణాళికలో చెప్పేసింది. పీజీకి ప్రత్యామ్నాయంగా దాని మీద డబ్బు పెట్టమని ఇప్పుడు ఎవరికీ చెప్పను.

కన్వీనర్ సీటు వచ్చి లోన్ తీసుకుంటే, సంతకం పెట్టకముందే మీ పేరు మీద అప్పుకు తగ్గ టర్మ్ పాలసీ తీసుకోండి, కో-అప్లికెంట్‌గా ఆ అప్పుకు నాన్నగారూ బాధ్యులవుతారు కాబట్టి. 2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత పాలసీల మీద జీఎస్టీ కూడా లేదు. విద్యారుణం వడ్డీకి ఇన్నాళ్లూ 80ఈ పేరుతో మనకు తెలిసిన మినహాయింపు ఎనిమిదేళ్లపాటు, పరిమితి లేకుండా వస్తుంది, పాత పన్ను విధానంలో మాత్రమే. జీతం తీసుకునేవాళ్లు ఏటా విధానం మార్చుకోవచ్చు. ప్రొఫెషనల్ ఫీజు తీసుకునేవాళ్లు పాతదానికి వెళ్లాక కొత్తదానికి తిరిగొచ్చేది ఒక్కసారే, మొదటి రిటర్న్ వేసేముందు ఆడిటర్‌తో కూర్చోండి.

సీటు ఎక్కడొచ్చినా, చేరేముందు బాండ్ కాగితాలు పూర్తిగా చదవండి. మధ్యలో మానేస్తే ఎంత కట్టాలి, చదువయ్యాక ప్రభుత్వ సర్వీసు ఎన్నాళ్లు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి. వచ్చే ఏడు మంచి ర్యాంకు వస్తే చూద్దాంలే అనుకుని ఇష్టం లేని సీట్లో చేరినవాళ్లకు ఈ మూడు సంగతులూ చేరాకే తెలుస్తుంటాయి.