శాంటా క్లారా కౌంటీలో అంజా దారిని ఎలా గుర్తిస్తారు?

1776 మార్చిలో స్పానిష్ సైనికాధికారి హువాన్ బాటిస్టా డి అంజా దళం కాలిఫోర్నియాలోని ఈ కౌంటీ మీదుగా వెళ్లిన దారినే ఇప్పుడు అచ్చంగా నడవగలమా? కుదరదు, చాలాచోట్ల అది రోడ్ల కింద, ఇళ్ల కింద ఉంది. ముందు అంజా, ఆ దళంతో వెళ్లిన క్రైస్తవ మతగురువు ఫాదర్ ఫాంట్ రాసుకున్న డైరీలను పక్కపక్కన పెట్టి మజిలీల దూరాలు మ్యాపుకెక్కించాలి. డైరీల్లో దూరాలు లీగుల్లో ఉంటాయి; ఈ స్పానిష్ లీగు అంటే దాదాపు 4.2 కి.మీ. మూడు మైళ్లనుకున్నారో, ఏడు లీగుల నడకకే మజిలీ 4 కి.మీ. పైగా తప్పుతుంది. వాగులే మంచి ఆనవాళ్లు, కాకపోతే కొన్ని దారి మారాయి. పాత సర్వే మ్యాపులతో సరిచూడాలి. మార్చి 25న దిగిన వాగు పేరే నేటి కూపర్టినో (మనవాళ్లు బోలెడుమంది ఉన్న ఊరే).

చారిత్రక దారి, కాలిబాట, కారు రూటు: మ్యాపు మీద ఇవి మూడు వేర్వేరు గీతలు. ప్రైవేటు స్థలంలో యజమాని ఒప్పుకోనిదే కాలిబాట పడదు. పార్కులు, వాగుగట్లు కలుపుకుంటూ పోవాలి.