జాన్సన్‌ని రెండు ముక్కలు చేయకు

అమ్మా,

అమెరికా అధ్యక్షుడు లిండన్ జాన్సన్ మీద నువ్వు రాసి పంపిన పుస్తకం రాతప్రతి మొత్తం చదివాను. కొటుల్లా బడి పేజీ బాగుంది. ఇరవై ఏళ్ల కుర్రాడు టెక్సాస్‌లో మెక్సికన్ కూలీల పిల్లలకు పాఠాలు చెప్పడం, పొద్దున ఏమీ తినకుండా బడికొచ్చే ఆ మొహాల్ని చూడటం, మొదటి జీతంతో వాళ్లకు ఆటసామాను కొనడం, అదంతా చక్కగా వచ్చింది. మిగతాది చదువుతుంటే కోపమొచ్చింది. జవాబు రాయకుండా ఊరుకుందామనుకున్నా. కానీ ఈ కోపం నీ ఒక్కదాని మీదే కాదు, చాలా ఏళ్లుగా పేరుకుపోయింది. కాస్త ఓపిక పట్టి చదువు.

మొదటి వాక్యంలోనే ఆ ప్రసిద్ధమైన మాట పెట్టావు. తను ప్రేమించిన గ్రేట్ సొసైటీని, అంటే పేదల కోసం, హక్కుల కోసం తెచ్చిన తన సంస్కరణల్ని, వదిలేసి ఎక్కడో ఉన్న దిక్కుమాలిన యుద్ధం వెంట పడ్డానని జాన్సన్ పదవి దిగాక వాపోయిన మాట. ఆయన మీద రాసే ప్రతివాళ్లూ అక్కడే మొదలుపెడతారు. అది ముద్దాయి తన గురించి తాను ఇచ్చుకున్న వాంగ్మూలం. టెక్సాస్‌లో తన రాంచ్‌లో కూర్చుని, తన కథ ఎలా రాయాలో తనే చెప్పిపెట్టాడు. నువ్వు అదే నమ్మి పుస్తకాన్ని ‘వెలుగు’, ‘చీకటి’ అని రెండు భాగాలు చేశావు. మొదటి దాంట్లో పౌరహక్కులు, మెడికేర్ అనే ముసలివాళ్ల ఆరోగ్య బీమా, బడులు. రెండో దాంట్లో వియత్నాం. మధ్యలో ఒక ఖాళీ పేజీ. ఆ ఖాళీ పేజీ చూసి ఒళ్లు మండింది. ఆయన పాలన మొత్తంలో అలాంటి ఖాళీ ఒక్క రోజు కూడా లేదు.

నన్ను అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ నేను చెప్పేది ఒకటే. తేదీలు ఒకే వరసలో రాసుకో. చట్టాలకో కాగితం, యుద్ధానికో కాగితం పెట్టుకోకు. ఒకటే కాగితం.

1965 ఏప్రిల్ తీసుకో. 6న ఒక రహస్య ఉత్తర్వు వచ్చింది. వియత్నాంలోని దానాంగ్‌లో విమాన స్థావరానికి కాపలాగా దిగిన అమెరికా మెరైన్ సైనికులు ఇకమీదట బయటికెళ్లి పోరాడొచ్చు. సంగతి బయటికి పొక్కకుండా అన్ని జాగ్రత్తలూ తీసుకోవాలని ఆ కాగితంలోనే ఉంది. మర్నాడు 7న జాన్సన్ బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ యూనివర్సిటీలో మాట్లాడుతూ, ఆగ్నేయాసియా అభివృద్ధికి 100 కోట్ల డాలర్లు అడుగుతానని, అక్కడి మెకాంగ్ నది మీద, అమెరికాలో ఆనకట్టలు కట్టి కరెంటు తెచ్చిన టెనెసీ వ్యాలీ పథకాన్ని మించిన పని చేయొచ్చని ఊరించాడు. 11న, ఆదివారం, తను నాలుగేళ్ల వయసులో చదువుకున్న బడి దగ్గర ఆరుబయట బెంచీ వేసుకుని, తనకు అక్షరాలు నేర్పిన టీచరమ్మను పక్కన కూర్చోబెట్టుకుని, పేద పిల్లల బడులకు కేంద్రం డబ్బిచ్చే చట్టం మీద సంతకం పెట్టాడు. వారం కూడా తిరగలేదు. నీ పుస్తకంలో ఈ మూడు తేదీలూ మూడు వేర్వేరు అధ్యాయాల్లో ఉన్నాయి. ఆ బెంచీ మీద కూర్చున్న మనిషి చెయ్యి అయిదు రోజుల కిందట ఏం చేసిందో నీ పాఠకుడికి తెలియనే తెలియదు. ఇంకో సంగతి. మెకాంగ్ మాటని నాటకం అని ఒక్క ముక్కలో కొట్టిపారేశావు. యువ కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్నప్పుడు తన జిల్లా పల్లెలకు కరెంటు తీసుకొచ్చినవాడు ఆయన. బావి నీళ్లు చేది మోసి మోసి నడుం వంగిపోయిన ఆడవాళ్ల ఇళ్లలో బల్బు వెలిగితే ఓట్లు ఎలా పడతాయో ఆయనకు తెలుసు. హనోయ్‌లోని ఉత్తర వియత్నాం ప్రభుత్వం కూడా అలాగే లొంగుతుందనుకున్నాడు. దాన్ని నాటకమనే కంటే ఆయన తెలివితేటల హద్దు అనడం సరైన మాట.

ఇక జులై. ఇక్కడ ఎంతసేపైనా ఆగు, నాకేం అభ్యంతరం లేదు. 28వ తేదీ మధ్యాహ్నం, జనం పనుల్లో ఉండే వేళ, మామూలు ప్రెస్ మీట్ పెట్టి వియత్నాంలో సైన్యాన్ని 75,000 నుంచి 125,000కు పెంచుతున్నట్టు చెప్పాడు. అదే ప్రెస్ మీట్‌లో సుప్రీంకోర్టుకు కొత్త జడ్జి పేరు కూడా ప్రకటించాడు, విలేకర్లు రాసుకోవడానికి ఇంకోటి ఉండేలా. రిజర్వు సైన్యాన్ని పిలవాలన్న సలహాను పక్కన పెట్టాడు. రాత్రిపూట టీవీలో దేశానికి గంభీరంగా చెప్పడాలు లేవు. ఎందుకని? అదే రోజు సెనేట్ మెడికేర్ బిల్లును 70–24 తో చివరిసారి పాస్ చేస్తోంది. రెండు రోజులకి, 30న, మిస్సోరిలోని ఇండిపెండెన్స్‌కి వెళ్లి ముసలి మాజీ అధ్యక్షుడు ట్రూమన్ పక్కన కూర్చుని దాని మీద సంతకం పెట్టాడు. ఆగస్టు 6న నల్లవాళ్ల ఓటు హక్కు చట్టం. యుద్ధమొచ్చిందని గట్టిగా చెప్తే, డబ్బు రెండింటికీ చాలదు, పేదల పని తర్వాత చూద్దాం అనడానికి కాంగ్రెస్‌లో సగం మంది కాచుక్కూర్చున్నారు. అందుకే గొంతు తగ్గించాడు. రెండు కాపురాలు నడిపేవాడు ఏ ఇంట్లోనూ పూర్తి లెక్క చెప్పడు కదా.

ఆ ప్రెస్ మీట్ పూర్తి పాఠం చదివావా? చదివుంటే నీ మొదటి వాక్యం మారేది. ఇంతమంది ఇన్నేళ్లుగా కన్న కలలు క్రూరమైన యుద్ధాల్లో మునిగిపోకూడదని, అలా జరక్కుండా చేయగలిగిందంతా చేస్తానని ఆయన ఆ రోజే, ఆ మైకు ముందే అన్నాడు. పదవి దిగాక పుట్టిన జ్ఞానం కాదది. తెలిసే చేశాడు. నువ్వేమో యాభై చోట్ల విధి, విధి అని రాశావు. సంతకం పెట్టిన చోటల్లా విధిని తీసుకొస్తే ఇక మనిషికి పనేముంది?

ఈ ‘ట్రాజిక్ హీరో’ ఫ్యాషన్ కొత్తది. నా రోజుల్లో ఇంకో ఫ్యాషన్ ఉండేది. డెబ్బైల్లో నేనూ జాన్సన్ మీద ఒక పెద్ద వ్యాసం రాశాను. ఉస్మానియా ఆవరణలో ఉన్న అమెరికన్ స్టడీస్ రిసెర్చ్ సెంటర్‌లో కూర్చుని నోట్స్ రాసుకునేవాణ్ని. సాయంత్రం టీ కొట్టు దగ్గర, ఏరా, సీఐఏ వాళ్లు ఏమిచ్చారని మిత్రులు ఆటపట్టించేవాళ్లు. టైపు చేయించే స్తోమత లేక అరఠావుల మీద కార్బన్ పెట్టి చేత్తోనే రాసి, ఒక మాసపత్రికకు పంపాను. సంపాదకుడు మెడికేర్ భాగం మొత్తం లేపేసి యుద్ధం ఒక్కటే వేశాడు. ‘అమెరికా భజన మనకెందుకు’ అని కార్డు ముక్క. చాలా ఏళ్ల తర్వాత అమెరికాలో తెలుగువాళ్ల సభల సావనీర్‌కి అదే వ్యాసం అడిగారు. వాళ్లు యుద్ధం తీసేసి మెడికేర్ ఉంచారు. పండగ పూట చావులెందుకండీ అన్నారు. ఆ ఇద్దరూ కత్తిరించినవి ఏరి అతికిస్తే నా వ్యాసం పూర్తిగా దొరుకుతుంది. ఇన్నాళ్లకు నువ్వు, ఏ సంపాదకుడూ అడక్కుండానే, నీ పుస్తకాన్ని నువ్వే కోసి పంపావు. నా బాధ అదీ.

మీ తాతగారి సంగతి ఉత్తరంలో రెండు లైన్లు రాశావు, పుస్తకంలో అసలు లేదేం? గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి, డెబ్బైల మొదట్లో అలబామాలో ఒక ఆసుపత్రిలో చేరారన్నావు. ఆయన అక్కడ అడుగుపెట్టడమే జాన్సన్ పని. 1965 అక్టోబరు 3న స్వేచ్ఛా విగ్రహం కింద సంతకమైన వలస చట్టానికి ముందు మన దేశం మొత్తానికీ కోటా ఏడాదికి 100 మంది. ఇక ఆ ఆసుపత్రి. మెడికేర్ డబ్బు కావాలంటే తెల్లవాళ్లకో వార్డు, నల్లవాళ్లకో వార్డు ఉండకూడదని షరతు పెట్టారు. దక్షిణాదిలో ఏ కోర్టు తీర్పుకీ కదలని ఆసుపత్రులు, 1966 జులై 1న పథకం మొదలయ్యేలోపు, కొద్ది నెలల్లో, వెయ్యి ఆసుపత్రుల దాకా ఆ గోడలు తీసేశాయి. యుద్ధం ఉధృతంగా సాగుతున్న ఏడాదే. నువ్వు ‘సంస్కరణలు విఫలమయ్యాయి’ అని తేల్చేశావు. 1964లో అమెరికాలో పేదలు 19 శాతం, 1969లో 12.1 శాతం. వియత్నాంలో వాళ్ల సైన్యం అయిదు లక్షలు దాటింది కూడా ఆ ఏళ్లలోనే. రెండూ ఒకే వాక్యంలో పెట్టి చూడు.

రెండూ ఒకే మనిషి ఒంటి మీదికి వచ్చిన చోటు కూడా ఒకటుంది, నువ్వు ముట్టుకోలేదు. 1966లో రక్షణ మంత్రి మెక్‌నమారా ‘ప్రాజెక్ట్ వంద వేలు’ మొదలుపెట్టాడు. పరీక్షలో మార్కులు చాలక సైన్యం వెనక్కి పంపే పేద కుర్రాళ్లను ఇకమీదట తీసుకుంటారు, చదువూ పనీ నేర్పి పైకి తెస్తారు. జాన్సన్ ‘పేదరికంపై పోరు’ కార్యక్రమం భాషలోనే దాన్ని జనానికి అమ్మారు. మూడు లక్షల మందికి పైగా అలా చేరారు. నేర్పింది కొంచెమే, వాళ్లలో చాలామందికి తుపాకీ ఇచ్చి వియత్నాం పంపారు. దీనికి ‘వెలుగు’లో చోటిస్తావా, ‘చీకటి’లో ఇస్తావా?

మన గోధుమల కథ పొడిగానైనా చేర్చు. పీఎల్ 480 అనే అమెరికా ఆహార సాయం చట్టం కింద మనకొచ్చే గోధుమ ఓడల్ని జాన్సన్ తన చేతిలో పెట్టుకుని, కొద్ది నెలలకు సరిపడా మాత్రమే వదిలేవాడు. మన వ్యవసాయ విధానం మారాలన్నది ఒక కారణం, వియత్నాం మీద బాంబులు ఆపమని ఢిల్లీ అనడం ఆయనకు గిట్టకపోవడం ఇంకోటి. మా బడిలో మధ్యాహ్నం పెట్టిన ఉప్మా ఆ అమెరికా రవ్వదే. ఉప్పు తక్కువ, ఉండలు ఎక్కువ. తిన్నాం.

యుద్ధమే అన్నింటినీ మింగిందని కూడా రాయకు. 1966 ఎన్నికల్లో ఆయన పార్టీ ప్రతినిధుల సభలో 47 సీట్లు పోగొట్టుకుంది, దానికి నల్లవాళ్ల హక్కుల మీద తెల్లవాళ్ల కడుపుమంట కూడా కారణమే. 1967 జులై 20న మురికివాడల్లో ఎలుకల్ని చంపడానికి రెండేళ్లకు 4 కోట్ల డాలర్ల బిల్లు వచ్చింది. నిద్రపోయే పసిపిల్లల్ని ఎలుకలు కొరుకుతున్నాయి. సభలో జోకులేసుకుని, పడీపడీ నవ్వుకుని దాన్ని ఓడించారు. తర్వాత సిగ్గుపడి పాస్ చేశారనుకో. మూడు రోజులకు నల్లవాళ్ల వాడల్లో అల్లర్లు లేచి డిట్రాయిట్ నగరం తగలబడింది. ఆగస్టు 3న జాన్సన్ 10 శాతం అదనపు పన్ను అడిగాడు, ఇంకో 45,000 మంది సైనికుల్ని పంపుతానన్నాడు. రెండూ ఒకే రోజు. ఆ ఏప్రిల్‌లోనే మార్టిన్ లూథర్ కింగ్ న్యూయార్క్‌లోని రివర్‌సైడ్ చర్చిలో, పేదల డబ్బూ మనుషులూ ఆ యుద్ధంలోకి పోతున్నాయని చెప్పాడు. అలా అన్నందుకు పెద్ద పత్రికలు ఆయన్నే తప్పుపట్టాయి. సంపాదకుల సంగతి నేను చెప్పక్కర్లేదు.

చివర్లో పబ్లిషర్లు, ముందుమాట, కలంపేరు అంటూ ఏవేవో అడిగావు. అవి తర్వాత. ముందు విల్బర్ మిల్స్ సంగతి చూడు. పన్నుల కమిటీ అధ్యక్షుడు, ఖర్చు 600 కోట్ల డాలర్లు తగ్గిస్తే తప్ప పన్ను బిల్లు కదలనివ్వనని భీష్మించుకుని, 1968 జూన్ దాకా జాన్సన్‌ని నిలబెట్టినవాడు. నీ పుస్తకంలో ఆయన పేరు ఒక్కసారే వచ్చింది, అదీ తప్పు స్పెల్లింగుతో. ఆ గది, ఆ బేరం, ఏ పథకంలో ఎంత కోశారు, ఇదంతా ఒక అధ్యాయం అవుతుంది. జులై 1965 అధ్యాయం ముందు రాసి పంపు, మిల్స్ తర్వాత. అక్షరాలు కాస్త పెద్దవి పెట్టు, మార్జిన్ వదులు. రాయడానికి చోటు లేక నీ పేజీల వెనక రాశాను, అవి కూడా పంపిస్తున్నా.

ఆశీస్సులతో,
మీ మాస్టారు