బందోబస్తులో కాలు విరిగితే ఉద్యోగం తీసేస్తారా? పిల్లోణ్ణి కానిస్టేబుల్‌కి పంపాలా వద్దా?

ఎమ్మిగనూరు నుంచి ఒక తండ్రి అడిగినారు: "మావాడు డిగ్రీ రెండో సంవత్సరం, కానిస్టేబుల్ లేదా జైలు వార్డర్ కావాలని తెల్లారకముందే గ్రౌండ్‌కి పోయి పరిగెత్తుతాన్నాడు. మా బామ్మర్ది కర్నూలులో సివిల్ కానిస్టేబుల్. వినాయక నిమజ్జనం బందోబస్తులో కేసీ కెనాల్ దగ్గర ఆటో గుద్ది మోకాలి కింద ఎముక విరిగింది. నాలుగు నెలలైనా కర్ర పట్టుకునే నడుస్తాన్నాడు, సొంత లీవులన్నీ అయిపోయినాయి, ఉద్యోగం పోతుందని ఇంట్లో ఒకటే ఏడుపు. ఇది చూసినాక పిల్లోణ్ణి పంపాలంటే భయమైతాంది."

అన్నా, పిల్లోడి సంగతి తర్వాత చెప్తా, ముందు మీ బామ్మర్దిది చూద్దాం, అక్కడ టైం అయిపోతాంది. గుద్దింది ఆటో కాబట్టి మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌లో నష్టపరిహారం కేసు వేసుకోవచ్చు, డ్యూటీలో ఉన్న పోలీసు కదా వేయకూడదేమో అనుకుంటారు చాలామంది, అట్లాంటిదేం లేదు. కానీ చట్టంలో యాక్సిడెంట్ జరిగినప్పటి నుంచి 6 నెలలు అని గడువు పెట్టినారు, మీకు నాలుగు అయిపోయినాయి. ఎముక విరిగింది కాబట్టి, తప్పు ఎవరిదో రుజువు చేసే పని లేకుండా 164 సెక్షన్ కింద 2.5 లక్షలు అడగొచ్చు, లేదంటే 166 కింద జీతం, వయసు, వైకల్యం శాతం అన్నీ చూపించి ఎక్కువ అడగొచ్చు, రెండూ కలిపి రావు. ఏది వేయాలో లాయర్‌ని అడగండి కానీ ఈ వారంలోనే అడగండి. ఎఫ్‌ఐఆర్‌లో ఆటో నంబర్ ఉందో లేదో ముందు చూసుకోండి.

లీవుల విషయంలో నాకు నిజంగా బాధేసింది. డ్యూటీ చేస్తా దెబ్బ తగిలినోడు సొంత లీవులు ఎందుకు కాల్చుకోవాల? ఫండమెంటల్ రూల్స్ అని గవర్నమెంటు ఉద్యోగుల సర్వీసు రూల్స్ ఉంటాయి, వాటిలో 83, 83ఏ అని ఉన్నాయి, స్పెషల్ డిసెబిలిటీ లీవ్ అంటారు, మెడికల్ బోర్డు ఎంతకాలం అవసరమంటే అంత, మొత్తం 24 నెలల దాకా, మొదట కొన్ని నెలలు పూర్తి జీతం, ఆ తర్వాత సగం జీతం, పైగా ఇది లీవ్ అకౌంట్‌లో కోయరు. దీనికి అర్జీ పెట్టమనండి. అర్జీతో పాటు ఆ రోజు బందోబస్తు డ్యూటీ వేసిన ఆర్డరు, స్టేషన్ జీడీ ఎంట్రీ (స్టేషన్‌లో రోజూ జరిగింది రాసే జనరల్ డైరీలో ఆ రోజు రాసింది), గాయాల సర్టిఫికెట్ జత చేయాల. ఆస్పత్రి చీటీలో ఉత్త రోడ్డు ప్రమాదం అని రాసేసి ఉంటారు చూడండి, డ్యూటీలో అన్న మాట ఉండదు, అప్పుడు జీడీ ఎంట్రీనే దిక్కు.

ఇంక ఉద్యోగం పోతుందన్న భయం. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 20వ సెక్షన్ ఏమంటుందంటే సర్వీసులో ఉండగా వైకల్యం వచ్చినోణ్ణి తీసేయకూడదు, ర్యాంకు తగ్గించకూడదు, ఆ పని చేయలేకపోతే అదే జీతంతో వేరే పోస్టుకి మార్చాల, పోస్టు ఖాళీ లేకపోతే వాడి కోసం అదనపు పోస్టు సృష్టించి పెట్టుకోవాల. 2003లో కునాల్ సింగ్ అనే ఎస్‌ఎస్‌బీ (కేంద్ర బలగం) కానిస్టేబుల్ కేసులో, కాలే తీసేసినా సరే, అప్పటి పాత చట్టం కింద సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. ఒక్క మెలిక ఉంది, ప్రభుత్వం నోటిఫికేషన్ ఇచ్చి కొన్ని శాఖల్ని దీన్నుంచి తప్పించొచ్చు. 2021లో కేంద్రం సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి బలగాల్లో పోరాట పోస్టుల్ని తప్పించింది. అందుకే కేంద్ర బలగాలకీ రాష్ట్ర పోలీసుకీ రెండింటికీ ప్రిపేర్ అయ్యే పిల్లోళ్లకి నేను ఈ తేడా తప్పకుండా చెప్తా.

మీవాడి విషయానికొస్తే, గ్రౌండ్ మాన్పించొద్దన్నా. రెగ్యులర్ పోస్టుకే పోనీండి, దాంట్లో ఈ లీవు, ఆరోగ్య భద్రత, జీతం అకౌంట్ మీద బ్యాంకు ఇచ్చే యాక్సిడెంట్ ఇన్సూరెన్స్ ఇట్లాంటి అండ కొంతైనా ఉంటుంది. తొందరపడి హోంగార్డుగా చేరతానంటే మాత్రం ఒప్పుకోకండి, అది రోజు కూలీ లెక్క, దెబ్బ తగిలితే ఆ కుటుంబాల అవస్థ నేను చూసినా.

వార్డర్ ఉద్యోగం సేఫ్ అనుకుంటారు గానీ అదీ దెబ్బల ఉద్యోగమే. నా దగ్గర చదువుకున్న ఒక పిల్లోడు వార్డర్, బ్యారక్‌లో ఇద్దరు ఖైదీలు కొట్టుకుంటాంటే విడదీయబోయి అన్నం ప్లేటు అంచు తగిలి చిటికెన వేలు విరిగింది. కర్చీఫ్ చుట్టుకుని డ్యూటీ అయ్యేదాకా నిలబడినాడు, ఎవరికీ చెప్పలా, పొద్దున్నే బస్సెక్కి పుత్తూరు పోయి కట్టు కట్టించుకొచ్చినాడు. ఇప్పుడు ఆ వేలు మడవలేడు, సంతకం పెట్టేటప్పుడు పక్కకి పొడుచుకుని ఉంటుంది. అది డ్యూటీలో విరిగిందని చెప్పే కాగితం ఒక్కటి కూడా వాడి దగ్గర లేదు. కట్టు ఎక్కడన్నా కట్టించుకో నాయనా, ముందు పై ఆఫీసర్‌కి రాసిచ్చి గవర్నమెంట్ ఆస్పత్రిలో చీటీ రాయించుకో అని చెప్పినోళ్లు లేకపాయె.

మీరొక పని చేయండి. బామ్మర్ది ఫైలు మీవాడి చేతికిచ్చి స్టేషన్‌కి, ఆస్పత్రికి, లాయర్ దగ్గరికి వాణ్ణే తిప్పండి. నెల రోజులు తిరిగినాక ఈ ఉద్యోగం కావాలో వద్దో వాణ్ణే అడగండి.