ఎన్‌ఆర్‌ఈ వడ్డీ అమెరికాలో చూపలేదు, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: 2016 నుంచి హెచ్‌1బీ మీద డాలస్‌లో ఉద్యోగం చేస్తున్నాను. నాన్నగారి గుండె ఆపరేషన్ తర్వాత భయమేసి, విజయవాడ బ్యాంకులో 80 లక్షల దాకా ఎన్‌ఆర్‌ఈ (ప్రవాస భారతీయులు విదేశీ సంపాదన వేసుకునే ఖాతా) ఫిక్స్‌డ్ డిపాజిట్లు వేశాను. ఏటా ఐదున్నర లక్షల వడ్డీ వస్తోంది. పన్ను లేదని బ్యాంకువాళ్లే చెప్పడంతో అమెరికా రిటర్నులో చూపలేదు. ఇప్పుడు టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. డిపాజిట్లు అమ్మ పేరు మీదికి మార్చి, ఈ ఏడాది నుంచి సరిగ్గా ఫైల్ చేస్తే చాలా?

జవాబు: చాలదు. బ్యాంకువాళ్లు చెప్పింది ఇండియా చట్టం. పన్ను విషయంలో మీరు అమెరికా రెసిడెంట్. వడ్డీ ఏ దేశంలో వచ్చినా అక్కడ చూపాల్సిందే.

మీ కేసు తేలేది ఒక్క గడి దగ్గర. విదేశీ ఖాతాలు ఉన్నాయా అని అమెరికా రిటర్నుతో జతచేసే షెడ్యూల్ బి మూడో భాగం అడుగుతుంది. అక్కడ ‘లేవు’ అని టిక్ చేశారా? మీ సీపీఏ (రిటర్ను తయారుచేసే అకౌంటెంట్) ఇదే సంగతి మెయిల్‌లో అడిగితే లేవన్నారా? అలాగైతే తెలియక వదిలేశానని నిలబెట్టుకోవడం కష్టం. చదవకుండా సంతకం చేశానంటే కోర్టులు జాలిపడవు. ఏటా ఏం సంతకం చేస్తున్నారో చూసుకోవద్దా? ఖాతాలన్నీ కలిపి ఏడాదిలో ఏ రోజైనా 10,000 డాలర్లు దాటితే ఎఫ్‌బార్ (విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఫారం) కూడా వేయాలి. కావాలని దాచారని తేలితే, ఎఫ్‌బార్ జరిమానా ఖాతాలోని సొమ్ములో సగం లేదా లక్ష డాలర్ల పైచిలుకు, ఏది ఎక్కువైతే అంతదాకా పోవచ్చు.

పాత ఏళ్లకు పన్ను అడిగే గడువు దాటిపోయిందనుకోకండి. మామూలుగా 3 ఏళ్లు. చూపని విదేశీ వడ్డీ ఏడాదికి 5,000 డాలర్లు దాటితే 6 ఏళ్లు. మీది దాటుతోంది. ఎఫ్‌బార్ జరిమానాకూ 6 ఏళ్లే.

అమ్మగారి పేరు మీదికి మాత్రం మార్చవద్దు. పాత తప్పు చెరగకపోగా, దాచే ఉద్దేశానికి మీ చేతులతోనే సాక్ష్యం తయారుచేసినట్టవుతుంది. 2015 ఫాట్కా ఒప్పందం (అమెరికా పన్ను కట్టేవారి విదేశీ ఖాతాల వివరాలిచ్చే ఏర్పాటు) కింద ఇండియా బ్యాంకుల వివరాలు ఎలాగూ అమెరికాకు వెళ్తున్నాయి. పాతవి వదిలేసి ఈ ఏడాది నుంచి మొదలుపెట్టినా రక్షణ లేదు.

నిజంగా తెలియకే జరిగితే, తప్పు సరిదిద్దుకోవడానికి ఐఆర్‌ఎస్ (అమెరికా పన్ను శాఖ) ఇచ్చే స్ట్రీమ్‌లైన్డ్ పద్ధతి ఉంది. 3 ఏళ్ల సవరించిన రిటర్నులు, 6 ఏళ్ల ఎఫ్‌బార్లు వేసి, పన్ను, వడ్డీ, ఖాతాల ఏడాది చివరి మొత్తాల్లో అన్నిటికన్నా ఎక్కువైనదానిపై 5 శాతం జరిమానా కట్టాలి. ఐఆర్‌ఎస్ మీ రిటర్నుల తనిఖీ మొదలుపెడితే ఈ దారి మూసుకుపోతుంది. ఎందుకు చూపలేదో ప్రమాణపూర్వకంగా రాయాలి కాబట్టి, ముందు అక్కడి ట్యాక్స్ అటార్నీని కలవండి. లాయరుతో మాట్లాడినది గోప్యం. సీపీఏతో ఆ రక్షణ చాలా పరిమితం.

ఈలోగా పాత రిటర్నులు, సీపీఏ మెయిళ్లు, బ్యాంకుకిచ్చిన ఫాట్కా డిక్లరేషన్ కాపీ బయటికి తీయండి. వడ్డీ లెక్క జనవరి నుంచి డిసెంబరు వరకు అడగండి. మన బ్యాంకులిచ్చే ఏప్రిల్-మార్చి సర్టిఫికెట్ అక్కడి రిటర్నుకు సరిపోదు.