తెల్లబోయిన బంపర్ గురించి అబ్బాయికి

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరమూ, దానితో పంపిన ఫొటోలూ చూశాను. మీ నాన్న అంత శ్రద్ధగా నడిపిన కారును అమ్మివేయకుండా బాగుచేసుకోవాలని నువ్వు అనుకున్నందుకు నాకు చాలా సంతోషంగా ఉంది. ఇంజను సవ్యంగా ఉందని, రేకు మీద రంగు కూడా బాగానే ఉందని, అయితే బంపర్లు, చక్రాల పైనుండే అంచులు, తలుపుల కింది పట్టీలు మాత్రం విభూతి పూసినట్టు తెల్లబడి బండి మొత్తానికీ ముసలితనం తెచ్చాయని రాశావు. ఏ సీసా కొని పూయాలో చెప్పమని అడిగావు. సీసా పేరు చెప్పడం సులభమే గాని, ఈ పనిలో ఒకసారి పూసిన పదార్థం ఆ తర్వాత చేయబోయే పనికి అడ్డం పడుతుంది. కాబట్టి వెనక్కి తీసుకోగలిగిన పనులు ముందు, తీసుకోలేనివి చివర అనే వరుసను నువ్వు పాటించాలని నా కోరిక. ఆ వరుసలోనే అంతా రాస్తున్నాను, ఓపికగా చదువు.

ముందుగా ఆ తెలుపు ఏమిటో తేల్చుకో. రేకుకు పాలిష్ పట్టినప్పుడు పక్కనున్న నల్ల ప్లాస్టిక్ మీద కూడా కాస్త అంటుకుని, దాని గరుకు గుంటల్లో ఎండిపోయి తెల్లగా కనబడవచ్చు. అది ఎక్కువగా రంగు రేకుకు ఆనుకున్న అంచుల వెంటనే, చేత్తో రాసినట్టు చారలుగా ఉంటుంది. అది మురికి మాత్రమే, బ్రష్షుతో పోతుంది. ఎండ వల్ల వచ్చిన తెలుపు అలా కాదు. అది పైకి తిరిగి ఉన్న భాగాల్లో ఎక్కువగా, కిందికి తిరిగి ఉన్న భాగాల్లో తక్కువగా, పొర పరిచినట్టు ఉంటుంది. నంబరు ప్లేటు విప్పి దాని వెనుక ప్లాస్టిక్‌ను ఒకసారి చూడు. ఎండ తగలని ఆ చోట కారు కొన్ననాటి నలుపు అలాగే ఉంటుంది. నీకు కావలసిన రంగు అదే. షాపులో చూపే మెరిసే నలుపును కాకుండా దాన్నే మనసులో పెట్టుకో.

ఈ ప్లాస్టిక్‌లో నలుపు కోసం, ఎండ నుంచి కాపు కోసం బొగ్గుమసి లాంటి నల్ల పొడిని కలుపుతారు. ఏళ్ల తరబడి అతినీలలోహిత కిరణాలు, గాలిలోని ఆక్సిజన్ కలిసి పైపొరలోని అణువుల గొలుసులను తెంచుతాయి. అప్పుడు ఉపరితలం కంటికి కనబడనంత సన్నగా బీటలు వారి, సుద్దలా పొడిబారుతుంది. ఆ బీటల మీద పడిన వెలుతురు నలువైపులా చెదరడం వల్ల మనకు తెల్లగా కనిపిస్తుంది. నీళ్లు చల్లగానే నల్లబడి, ఆరగానే మళ్లీ తెల్లబడడానికి కారణం ఇదే: నీరు ఆ బీటలను నింపినంత సేపే వెలుతురు చెదరకుండా ఉంటుంది. బజారులో దొరికే నూనె రకం ద్రవాలు చాలావరకు చేసే పని కూడా ఇంతే, కాకపోతే అవి నీటి కంటే కాస్త ఎక్కువ కాలం నిలుస్తాయి.

ఇక పనిలోకి వద్దాం. నిజమైన పని కడగడమే, మిగిలినదంతా దాని తర్వాత. కారు షాంపూతో దుమ్ము పోగొట్టిన తర్వాత, రంగు రేకు అంచుల వెంట మాస్కింగ్ టేపు అంటించు. బ్రష్షు జారి రేకు మీద గీతలు పడకుండా అది కాపాడుతుంది. అన్ని రకాల మురికికి వాడే క్లీనర్‌ను సీసా మీద చెప్పినంత నీళ్లతో కలిపి, మెత్తని కుచ్చుల బ్రష్షుతో జానెడు జానెడు చొప్పున గుండ్రంగా రుద్దు. నురుగును గమనిస్తూ ఉండు. మొదటిసారి మట్టి రంగులో వస్తుంది, రెండోసారి బూడిద రంగులో వస్తుంది, మూడోసారో నాలుగోసారో తెల్లగా వస్తుంది. తెల్లగా వచ్చేదాకా ఆపకు. కడిగిన నీరు ప్లాస్టిక్ మీద ముత్యాల్లా గుండ్రంగా నిలిస్తే, ఎవరో ఎప్పుడో పూసిన సిలికాన్ నూనె ఇంకా ఉన్నట్టే. నీరు అంతటా సమంగా పలుచగా పరుచుకుంటే శుభ్రమైనట్టు. ఆ తర్వాత ఒక రోజంతా ఆరనివ్వు, ఎందుకంటే గరుకు గుంటల్లోను, అతుకుల సందుల్లోను నీరు చాలాసేపు దాగి ఉండి, పూత వేసే సమయానికి సరిగ్గా బయటికి కారుతుంది. చివరగా ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌ను సమానంగా నీళ్లతో కలిపి, శుభ్రమైన మైక్రోఫైబర్ గుడ్డతో తుడిచెయ్యి. పెట్రోలు, థిన్నరు, అసిటోన్ మాత్రం దగ్గరికి రానివ్వకు. కొన్ని రకాల ప్లాస్టిక్‌ను అవి కరిగించి, మచ్చలు శాశ్వతంగా మిగుల్చుతాయి.

ఇంతవరకు చేసి ఒకసారి దూరంగా నిలబడి చూడు. తెలుపు పాలిష్ వల్ల వచ్చినదే అయితే నీ పని ఇక్కడితోనే ముగియవచ్చు. ఎండ వల్ల వచ్చినదైతే, ప్లాస్టిక్ ట్రిమ్ కోసమే, అంటే బండి బయటి ఇలాంటి నల్ల ప్లాస్టిక్ భాగాల కోసమే తయారుచేసిన, ఆరాక గట్టిపడే పూతను తీసుకో. మెరుపునిచ్చే సిలికాన్ ద్రవాలు నాలుగు వానలకు కడుక్కుపోతాయి, దుమ్మును పట్టుకుంటాయి. అంతకంటే ముఖ్యంగా, రేపు నువ్వు రంగు వేయాలనుకుంటే ఆ సిలికాన్ వల్ల రంగు ఒకచోట నిలవక గుండ్రటి చిన్న చిన్న గుంటలుగా విడిపోతుంది. గట్టిపడే పూతను నీడలో, చల్లబడిన ప్లాస్టిక్ మీద, చాలా పలుచగా పూయాలి. కొద్ది నిమిషాల తర్వాత మిగులును మరో గుడ్డతో తుడవాలి, లేకపోతే ఆరిన చోట చారలు కడతాయి. ముందు బంపరు కింద ఎవరి కంటా పడని మూల అరచేయంత చోట పూసి, మర్నాడు పగటి వెలుతురులో చూసుకున్నాకే మిగిలిన పని మొదలుపెట్టు. కొందరు ఉడికించిన అవిసె నూనె వాడమంటారు. నల్లబరుస్తుంది, నిజమే. కాని ఆ నూనె ఆరుతున్నప్పుడు వేడి పుడుతుంది, అది తుడిచిన గుడ్డలను ఉండగా చుట్టి పడేస్తే వాటంతట అవే అంటుకోగలవు. ఎప్పుడైనా వాడవలసి వస్తే గుడ్డలను ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టు, లేదా నీళ్లలో ముంచి ఉంచు.

వేడి గాలి ఊదే హీట్ గన్‌తో కాల్చితే నలుపు తిరిగి వస్తుందని నీకు చాలామంది చెబుతారు. వస్తుంది, నేను కూడా చేశాను. బూడిద రంగు బంపరు మీద గన్ నడిచిన దారి అంతా కళ్ల ముందే నల్లబడుతుంటే ఎంతో ఆనందించాను. మూల దగ్గర ఒక్క క్షణం చెయ్యి ఆగింది. అక్కడి గరుకు కరిగి నున్నగా, తడిసినట్టు మెరిసే మచ్చగా మిగిలింది, దాన్ని మార్చడానికి ఇక దారి లేకపోయింది. బంపర్లకు సాధారణంగా వాడే పాలీప్రొపిలీన్ సుమారు 160 డిగ్రీల సెల్సియస్ దగ్గర కరుగుతుంది, గన్ నుంచి వచ్చే గాలి 500 డిగ్రీలు దాటగలదు. పైగా తెగిన అణువులను వేడి తిరిగి అతకదు కనుక కొంత కాలానికి తెలుపు మళ్లీ వస్తుంది. ఆ పని నువ్వు చేయవద్దు.

పూతతో కూడా సమంగా నల్లబడకపోతే, లేదా లోతైన గీతలుంటే, అప్పుడు రంగు గురించి ఆలోచించు. దానికంటే ముందు, ఆ ప్లాస్టిక్ భాగం వెనుకవైపు అచ్చులో పోసిన అక్షరాలు వెతుకు. పి.పి. అని గాని, పి.పి.తో పాటు ఇ.పి.డి.ఎం. (ఒక రకం రబ్బరు) అని గాని ఉంటే అది పాలీప్రొపిలీన్ రకం. పక్కన టి.డి. 20 అని ఉంటే అందులో 20 శాతం టాల్క్ పొడి కలిసిందని అర్థం. ముందు గ్రిల్లు, అద్దాల తొడుగుల మీద ఎ.బి.ఎస్. అని తరచు కనిపిస్తుంది, అది మరో రకం ప్లాస్టిక్. ఎ.బి.ఎస్. మీద రంగు తేలికగా పట్టుతుంది. పాలీప్రొపిలీన్ మాత్రం దేన్నీ అంటనివ్వని స్వభావం గలది, దాని మీద నేరుగా వేసిన రంగు కొన్నాళ్లకే పొట్టులా లేచిపోతుంది. అందువల్ల ప్లాస్టిక్‌కు పట్టునిచ్చే ప్రత్యేకమైన ప్రైమరు తప్పనిసరి. సుద్దబారిన పైపొరను ముందుగా గిన్నెలు తోమే పీచులా ఉండే బూడిద రంగు స్కఫ్ ప్యాడ్‌తో రుద్ది తీసెయ్యి, ఎందుకంటే దాన్ని అలాగే ఉంచితే రంగు ఆ పొర మీద అంటుకుని ఆ పొరతో పాటే ఊడుతుంది. గరుకు డిజైను ఉన్న చోట ఉప్పుకాగితం వాడితే మిట్టలు మాత్రమే అరిగి గుంటలు అలాగే ఉంటాయి, కనుక అక్కడ ప్యాడే మంచిది. ప్రైమరు వేసిన తర్వాత డబ్బా మీద రాసిన వ్యవధిలోనే రంగు పడాలి. ఆలస్యమైతే దాని పట్టు పోతుంది. సగం మెరుపుండే నలుపును, జానెడు కంటే కాస్త ఎక్కువ దూరం నుంచి, రెండు మూడు పలుచని పొరలుగా, ప్రతి పొరకూ మధ్య 10-15 నిమిషాలు ఆగుతూ కొట్టు. పార్కింగ్ సెన్సర్లు ఉంటే వాటి మీద రంగు పడనివ్వకు. గాలి ఆడే చోట, ఆవిరిని ఆపే మాస్కు పెట్టుకునే ఈ పని చెయ్యి.

విరిగినవాటిని, వంకరపోయినవాటిని మార్చడమే మేలు. కొత్త భాగాన్ని కారు చాసిస్ నంబరుతో సరిచూసుకుని తెప్పించు. అదే మోడల్‌లో మధ్యలో ముఖం మార్చిన ఏడాది నుంచి భాగాలు వేరుగా ఉండవచ్చు. పాతవి ఊడదీసే ముందే క్లిప్పులు అదనంగా కొనిపెట్టుకో, ఎందుకంటే ఏళ్లు గడిచిన క్లిప్పులు పెళుసై సగానికి సగం విరుగుతాయి. చలి ఉదయాన కాకుండా ప్లాస్టిక్ కాస్త వెచ్చబడ్డాక ఊడదియ్యి, హెయిర్ డ్రయర్ చాలు. ఇనుప స్క్రూడ్రైవరు కాకుండా ప్లాస్టిక్ మీటతో, క్లిప్పుకు వీలైనంత దగ్గరగా ఎత్తు. ముందు అద్దం కింద వైపర్ల దగ్గరుండే నల్ల పలకను తీయాలంటే వైపర్ చేతులు విప్పాలి. విప్పే ముందు అవి అద్దం మీద ఎక్కడ ఆగుతాయో టేపు ముక్కతో గుర్తు పెట్టుకో. ఆ పలక కింద పేరుకున్న ఆకులను తీసి, నీరు పోయే రంధ్రాలు తెరిచి ఉన్నాయో లేదో తప్పక చూడు. అవి మూసుకుపోతే వాన నీరు కారు లోపలికి చేరుతుంది.

చక్రాల పైనుండే ప్లాస్టిక్ అంచులు తీసినప్పుడు లోపల తడి మట్టి, దాని కింద తుప్పు కనబడే అవకాశం ఎక్కువ. నల్లబరచడం ఒక వారం ఆలస్యమైనా పరవాలేదు, ఆ తుప్పును గీకి, ప్రైమరు, రంగు వేసి, ఆరాకే పైన ప్లాస్టిక్ బిగించు. తలుపు పట్టీలు రెండువైపులా అంటుకునే టేపుతో ఉంటాయి. వాటి వెనుక చేపల గాలపు దారాన్ని అటూ ఇటూ రంపంలా లాగితే రేకు చెడకుండా ఊడతాయి. కొత్త టేపు అంటించాక గట్టిగా నొక్కు. పూర్తి పట్టు రావడానికి దాదాపు 72 గంటలు పడుతుంది, అంతవరకు కారు కడగకు.

ఇప్పుడు మొదట కడుగు. కడిగి ఆరిన తర్వాత తీసిన ఫొటో ఒకటి, బంపరు వెనుక అక్షరాల ఫొటో ఒకటి నాకు పంపు. ఏ పూత కొనాలో అప్పుడు చెబుతాను. అంతవరకు ఏ సీసా మూతా తీయకు.

ఇట్లు,
మీ పెదనాన్న